నాలుగు దాగళ్లు, నాలుగు ధరలు: నా డబ్బు ఎక్కడ నిలిచింది

దాగలి, అంటే కాగిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే కమ్మరి పీట, గురించి ఎవరితో మాట కలిపినా మొదట వచ్చే ప్రశ్న "కిలో ఎంత పడింది?" అనే. నేనూ కిలో లెక్కతోనే మొదలుపెట్టాను. ఈ పదకొండేళ్లలో సొంత డబ్బు పెట్టి నాలుగు కొన్నాను. మొదటిది కొత్తది, చవకది. రెండోది అసలు దాగలే కాదు, ఉక్కు దిమ్మ. మూడోది నా కంటే చాలా పెద్ద వయసున్న పాతది. నాలుగోది నిరుడు కొన్న కొత్త పోత ఉక్కు దాగలి. నా పని ఉలులు, బాడిసలు, అప్పుడప్పుడు పెద్ద కత్తులు. చిన్న పని ఒక్కడినే చేసుకుంటాను. పెద్ద పనికి తమ్ముడు సమ్మెట వేస్తాడు. నాలుగింటి మీదా రోజుల తరబడి కొట్టాను కాబట్టి నా మాటలు ఆ పనికి సరిపోతాయి. గుర్రపు నాడాలో అలంకారపు గేట్లో చేసేవాళ్లకు కొమ్ము, అంటే ఇనుమును వంచుకోవడానికి దాగలి ఒక చివర పొడుచుకొచ్చిన మొన, ముఖ్యం. నాకు అది అంత ముఖ్యం కాదు.

డబ్బు విలువ ఏడాదికో తీరుగా మారుతుంది. అందుకని నేను ధరను కడ్డీతో కొలుస్తాను. అదే రోజున మామూలు ఉక్కు కడ్డీ కిలో ఎంత ఉంటే, దానికి ఈ దాగలి కిలో ఎన్ని రెట్లు? కమ్మరికి చటుక్కున అర్థమయ్యే లెక్క ఇదే.

మొదటిది కడ్డీకి రెండు రెట్లు. 25 కిలోలు, అంటే 50 కిలోల కడ్డీ ఖరీదు. నీలం రంగు, తళతళలాడే ముఖం (ఇనుము పెట్టి కొట్టే పైభాగం), చక్కటి కొమ్ము. ఫోటోలో దాగలిలా ఉంది, దించుకున్నాకా దాగలిలాగే ఉంది. ఎర్రగా కాగిన ఇనుము పెట్టి కొట్టాక తెలిసింది, అది పోత ఇనుము. సుత్తి దెబ్బ దాని మీద పడి అక్కడే చచ్చిపోతుంది. చెయ్యి ఎత్తాలంటే పూర్తి బరువూ నేనే మోయాలి. రెండు నెలలు తిరక్కుండా ముఖమంతా సుత్తి అంచుల గాట్లు, ఆ గాట్లన్నీ నేను చేసే ప్రతి ఉలి మీదా అచ్చు పడ్డాయి. మూడో నెలలో మడమ (కొమ్ముకు ఎదురు చివర) దగ్గర మూల విరిగి నేల మీద పడింది. విరిగిన చోట బూడిద రంగు గరుకు పలుకు కనిపించింది. పోత ఇనుము విరిగితే అలాగే ఉంటుంది. అమ్మినవాళ్ల వివరాల్లో "గట్టి ఇనుము" అని మాత్రమే ఉంది. ఆ రెండు మాటలకు అర్థం ఏమిటని నేను అడగలేదు. మీరు అడగండి. పోత ఉక్కా, పోత ఇనుమా? ముఖానికి నీరు పట్టించారా, అంటే కాల్చి చల్లార్చి గట్టిపరిచారా? ఎంత లోతుకు? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే, కిలో ధర ఎంత తక్కువైనా కొనొద్దు.

ఇక్కడే గోళీ పరీక్ష చెప్పాలి, ఎందుకంటే మిగతా కథ అంతా దాని మీదే నడుస్తుంది. అంగుళం మందం బేరింగ్ గోళీ ఒకటి, ఒక స్కేలు. స్కేలును ముఖం మీద నిలబెట్టి, 10 అంగుళాల ఎత్తు నుంచి గోళీని వదలాలి. తోయకూడదు, వదిలేయాలి. అది తిరిగి ఎంత లేస్తుందో చూడాలి. మంచి ఉక్కు ముఖం మీద 8, 9 అంగుళాలు లేస్తుంది. 7 వరకు పనికొస్తుంది. నా నీలం దాగలి మీద 3. గోళీ 9 అంగుళాలు లేచే ముఖం మీద సుత్తి కూడా దానంతట అదే లేస్తుంది. రోజుకు కొన్ని వేల దెబ్బలు వేసే భుజానికి ఆ తేడా సాయంత్రానికల్లా తెలుస్తుంది.

రెండోది తుక్కు కుప్పలోంచి ఏరుకున్నది. 10 సెంటీమీటర్ల చదరపు కడ్డీ, 60 సెంటీమీటర్ల పొడవు ముక్క. ఉక్కు ఘన సెంటీమీటరు 7.85 గ్రాములు కాబట్టి తూయకముందే 47 కిలోలని తెలుసు. కడ్డీ ధరకే ఇచ్చారు, అంటే ఒక రెట్టు. చూడండి, నీలం దాగలికి పెట్టిన 50 కిలోల కడ్డీ ఖరీదుకూ దీనికీ పెద్ద తేడా లేదు! దీన్ని నిలువునా నాలుగు చెక్కల మధ్య బిగించి నిలబెట్టాను. నిలబెట్టడమే అసలు కిటుకు. దెబ్బ పడే చోటికి సరిగ్గా కింద 60 సెంటీమీటర్ల ఉక్కు ఉంటుంది. అదే ముక్కను పడుకోబెడితే కింద 10 సెంటీమీటర్లే. గోళీ 6 అంగుళాలు లేచింది. నీరు పట్టించని ఉక్కు కాబట్టి అంతకంటే ఆశించకూడదు. కొమ్ము లేదు, పనిముట్లు నిలబెట్టుకునే బెజ్జం లేదు, గాట్లు పడితే ఆకురాయితో ఓ పూట రుద్దాలి. అయినా మూడేళ్ల పాటు నా ఇంటి ఖర్చులు దీని మీదే గడిచాయి. జపాన్ కత్తుల కమ్మరులు తరతరాలుగా కొమ్ము లేని ఇలాంటి చదరపు దిమ్మల మీదే పని చేశారు. రైలు పట్టా ముక్క దొరికినా ఇంతే, కానీ నిలువుగా పెట్టండి. అడ్డంగా పెడితే పట్టా తల కింద సన్నటి నడుమే ఉంటుంది, దెబ్బకు ఊగుతుంది. కొత్తగా కొలిమి పెట్టుకునేవాళ్లకు నా సలహా ఈ దిమ్మే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మూడోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, మూతబడిన ఒక పనిశాలలో దొరికిన పీటర్ రైట్ దాగలి. ఇంగ్లండులోని డడ్లీలో చేసినవి ఇవి. చేత ఇనుము ఒళ్లు, పైన ఉక్కు పలక అతికించిన ముఖం. పక్కన 1-2-10 అని మూడు అంకెలున్నాయి. అమ్మే ఆయన అది మోడల్ నంబరు అనుకున్నాడు. అది బరువు. పాత ఇంగ్లిషు తూకంలో మొదటి అంకె 112 పౌండ్ల లెక్క, రెండోది 28 పౌండ్ల లెక్క, మూడోది విడి పౌండ్లు. 112కు 56, దానికి 10 కలిపితే 178 పౌండ్లు, సుమారు 81 కిలోలు. ఆయన దాన్ని కంటితో అంచనా కట్టి "వంద కిలోలు ఉంటుంది" అన్నాడు. తూకం తెప్పించాక మాట మార్చుకున్నాడు. ఈ మూడంకెలు చదవడం రాకపోతే ఆ రోజు 19 కిలోల గాలికి డబ్బు కట్టేవాణ్ని.

దాని వాలకం చూసి నాతో వచ్చిన తమ్ముడు వద్దన్నాడు. అవతలి అంచు పొడవునా ముక్కలు ఊడిపోయి ఉంది. ముఖం మధ్యలో 3 మిల్లీమీటర్ల పల్లం. నేను గోళీ తీశాను. మధ్యలో 8 అంగుళాలు, కొమ్ము వైపు 8, మడమ మీద 6. మడమ కింద ఒళ్లు లేదు, బెజ్జాలున్నాయి, అక్కడ తగ్గడం మామూలే. తర్వాత చిన్న సుత్తితో అంగుళానికో దెబ్బ చొప్పున ముఖమంతా తట్టుకుంటూ పోయాను. గంటలా మోగింది, ఎక్కడా గొంతు మారలేదు. అతుకు ఊడిన చోట ఉంటే చిల్లుకుండను తట్టినట్టు బొంగురుగా పలికేది. (అన్ని మంచి దాగళ్లూ మోగవు. పోత ఇనుప ఒంటి మీద ఉక్కు ముఖం పెట్టి అమెరికాలో చేసిన ఫిషర్ దాగళ్లు దాదాపు మూగవి, అయినా దెబ్బకు బాగా ఎదురిస్తాయి. పోత ఉక్కుతో స్వీడన్‌లో చేసిన కోల్స్వా అయితే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. మోత ఒక్కదాన్నీ నమ్ముకోకుండా గోళీని నమ్మండి.)

ఆయన అడిగింది కడ్డీకి అయిదు రెట్లు. పాత వస్తువు, పురాతనం, ఇలాంటివి ఇప్పుడు ఎవరు చేస్తారు అన్నాడు. విరిగిన అంచు చూపించాను, పల్లం మీద స్కేలు పెట్టి కింద వెలుతురు చూపించాను. మూడున్నర రెట్లకు దిగాడు. 81 కిలోలకు సుమారు 280 కిలోల కడ్డీ ఖరీదు. నేను చూపించిన ఆ రెండు లోపాలూ నా పనికి అడ్డం కావు. ఉలి మొన సాగదీయడానికి ముఖం మధ్య భాగం చాలు. పదునుగా ఉన్న అంచు మీద కొడితే కాగిన ఇనుములో కోత పడుతుంది, తర్వాతి దెబ్బకు ఆ కోత మడతబడి పగులుగా మిగులుతుంది. అందుకే మంచి అంచును కూడా మేమే గుండ్రంగా రుద్దుకుంటాం. వంగిన కత్తిని సరిచేయడానికి ఆ కొంచెం పల్లం సాయమే చేస్తుంది. కొనేవాళ్లు అంచు చూసి జడుస్తారు, అమ్మేవాళ్లు అంచు చూసి ధర తగ్గిస్తారు. పని మాత్రం మధ్యలో జరుగుతుంది. పాత దాగళ్లలో బేరం దొరికేది ఈ సందులోనే.

దీనికి ముందు నేను చూసి వదిలేసిన దాగలి ఒకటుంది. అది అద్దంలా ఉంది. యంత్రం మీద ముఖం చెక్కించి, అంచులు పదును తేల్చి, నల్ల రంగు వేసి, ఆరు రెట్లు అడిగారు. గోళీ 5 అంగుళాలే లేచింది. పాత దాగళ్ల ఉక్కు పలక మందం కొత్తలోనే అర అంగుళం అటూ ఇటూ ఉంటుంది. పల్లం పోగొట్టడానికి పైనుంచి చెక్కితే ఆ అర అంగుళమే తరుగుతుంది. అందులోనూ పాతవాటి అడుగుభాగం ముఖానికి సమాంతరంగా ఉండదు. అడుగును ఆనుగా పెట్టుకుని చెక్కితే ఒక పక్క పలక మరీ పల్చబడుతుంది. తుప్పు పట్టి, దుమ్ము పేరుకుని ఉన్న దాగలి దగ్గర నేను ధైర్యంగా నిలబడతాను. కొత్తగా మెరిసే పాత దాగలిని చూస్తేనే గుండె జారుతుంది. షెడ్డు కాలిపోయినప్పుడు లోపల ఉండిపోయినవి కూడా అంతే. మంటకు ముఖం గట్టిదనం పోతుంది, పైకి ఏమీ తెలియదు.

నాలుగోది కొత్త పోత ఉక్కు దాగలి, 100 కిలోలు, ఏడు రెట్లు. 700 కిలోల కడ్డీ ఖరీదు. రవాణాకు మరో 60 కిలోల కడ్డీ ఎగిరిపోయింది. ఈ రవాణా లెక్క ముందే అడగండి, బరువైన వస్తువుకు అది చిన్న ఖర్చు కాదు. గోళీ ముఖమంతా 9 అంగుళాలు, ఒక్క చోట కూడా తగ్గలేదు. బల్లలా సమంగా ఉంది. పొడవైన కత్తిని దాని మీద పెడితే వంపు ఎక్కడుందో దీపం వెలుగులో ఇట్టే దొరుకుతుంది. ఈ ఒక్క పనిలో పాతది దీని ముందు నిలవదు.

అలాగని తప్పులు లేవని కాదు. అంచులు కత్తుల్లా వచ్చాయి. గుండ్రంగా రుద్దుకొమ్మని ఎక్కడా రాసి లేదు. నేను రుద్దేలోపే తమ్ముడి సమ్మెట ఒక దెబ్బ పక్కకు పోయి, గోరంత ముక్క ఎగిరి గోడకు తగిలింది. కంటికి తగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. గట్టిగా నీరు పట్టించిన అంచు పెళుసు. కొత్తది దించుకున్న రోజే, మొదటి దెబ్బకు ముందే, ఇవతలి అంచు 3 మిల్లీమీటర్లు, కొమ్ము వైపు ఇంకాస్త ఎక్కువ గుండ్రంగా రుద్దండి. కళ్లద్దాలు పెట్టుకోండి. ఇంకో సంగతి, చదరపు బెజ్జం కొలత. నా పాతదాని బెజ్జం కొత్తదానికంటే పెద్దది. బెజ్జంలో నిలబెట్టి కడ్డీ తెంచుకునే ఉలి, వంపులు తిప్పుకునే కొంకి, అన్నీ పాత కొలతకు చేసుకున్నవి. ఒక్కటీ దిగలేదు. వాటి కాళ్లన్నీ మళ్లీ కాల్చి సన్నం చేయడానికి రెండు రోజులు పట్టింది.

మరి ఏడు రెట్లు దేనికి? ఇది తేల్చుకోవాలని ఒకే పని నాలుగింటి మీదా చేసి చూశాను. 16 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ, ఒక కిలో సుత్తి, జానెడులో సగం పొడవు మొన. నీలం దాగలి మీద అయిదు సార్లు కొలిమిలో పెట్టి తీయాల్సి వచ్చింది. దిమ్మ మీద మూడు సార్లు, పాతదాని మీద మూడు, కొత్తదాని మీదా మూడే. కిలో సుత్తికి ఏడు రెట్ల దాగలి అదనంగా ఇచ్చేదేమీ నాకు కనిపించలేదు. సుత్తికి యాభై రెట్లు దాగలి ఉంటే చాలని మా పనిలో ఒక లెక్క. ఆ లెక్కన కిలో సుత్తికి 50 కిలోలు సరిపోతాయి. తేడా సమ్మెటతో వచ్చింది. నాలుగు కిలోల సమ్మెట పడితే దిమ్మ చెక్కల్లో కదిలిపోతుంది, పాతది మొద్దు మీద మెల్లగా జరుగుతుంది, వంద కిలోలది ఉన్నచోటే ఉంటుంది. తమ్ముడు వారానికి నాలుగు రోజులు సమ్మెట వేస్తాడు కాబట్టి ఆ డబ్బు నాకు దండగ కాలేదు. ఒక్కరే పని చేసుకునేవాళ్లయితే ఆ డబ్బుకు మంచి సుత్తులు, పట్టకార్లు, ఏడాదికి సరిపడా బొగ్గు కొనుక్కుని, పాతదాని కోసం ఓపిగ్గా వెతకమంటాను.

ఇప్పుడు కొత్తది కొలిమికి ఎదురుగా, పాతది నా కుడి పక్కన ఉన్నాయి. ఉలుల పని పాతదాని మీదే చేస్తున్నాను. దిమ్మను కొలిమి నేర్చుకుంటున్న పక్కింటి కుర్రాడికి కొన్న ధరకే ఇచ్చాను. నీలం దాగలిని మాత్రం ఎవరికీ అమ్మలేదు. తెలిసి తెలిసి ఇంకొకరి భుజం మీద దాన్ని పెట్టడం ఇష్టం లేక, చల్లటి రేకులు సాపు చేయడానికి వాడుతున్నాను. వచ్చే ఆదివారం తమ్ముడి కోసం ఇంకో పాత దాగలి చూడ్డానికి వెళ్తున్నాం. అంచులు బాగా పోయాయని ఫోన్లో వాళ్లే చెప్పారు. గోళీ, స్కేలు సంచిలో పెట్టాను. 8 అంగుళాలు లేస్తే నాలుగు రెట్ల దాకా పోతాను.