పైన 98, కింద 124: వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్‌తో రెండేళ్లు

కోవిడ్ కాలంలో ఇంట్లో అందరం జ్వరాలతో పడుకున్న రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఇది. మామూలు రకమే. రెండు చిన్న బ్యాటరీలు, లోపల ఎర్రటి వెలుగు, తెర మీద రెండు అంకెలు. పైది ఆక్సిజన్ శాతం, కిందది నాడి. జ్వరాలు తగ్గాక చాలామంది దీన్ని సొరుగులో పడేశారు. నాకు దీని అసలు అవసరం ఆ తర్వాతే మొదలైంది.

నాది కుట్టుపని. జ్వరం పోయి మూడు నెలలు దాటినా, మిషన్ మీద పావుగంట కూర్చుంటే ఒళ్లంతా పచ్చి పుండయ్యేది. టేపు పెట్టి కొలిచి, పుస్తకం తీసేలోపే కొలత మరిచిపోయేదాన్ని. మెట్లెక్కితే గుండె దడదడ. డాక్టరు దగ్గరికి వెళ్తే ఇలాంటిదే వేలికి పెట్టారు. 98 వచ్చింది. "బాగానే ఉంది, టెన్షన్ పడకండి" అని పంపేశారు. నా దగ్గర కోవిడ్ పాజిటివ్ రిపోర్టు కూడా లేదు, పరీక్షలు దొరకని రోజుల్లో వచ్చిన జ్వరం అది. ఇంట్లో వాళ్లూ ఆ 98 చూసి "ఏమీ లేదు కదా" అన్నారు. వాళ్ల తప్పేం లేదు, అంకె అలా ఉంది మరి. నా మాటకు అదే ఎదురు సాక్ష్యమైంది.

కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి వదలని బాధల్ని లాంగ్ కోవిడ్ అంటారు. రిపోర్టు లేకపోతే అది లాంగ్ కోవిడ్ కాదనేది నిజం కాదని తర్వాత తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఇచ్చిన నిర్వచనం ప్రకారం కోవిడ్ వచ్చి ఉండే అవకాశం బలంగా ఉన్నా చాలు. జబ్బు మొదలైన మూడు నెలల ప్రాంతంలో లక్షణాలు కనబడి, కనీసం రెండు నెలలు సాగి, వాటికి వేరే కారణం దొరక్కూడదు. నీరసం, ఆయాసం, మతిమరుపు అన్నీ అందులో ఉన్నాయి. కోవిడ్ వచ్చినవాళ్లలో నూటికి ఆరుగురికి ఇలా అవుతోందని ఆ సంస్థ అంచనా. పరీక్షలే అందని పేద దేశాల్లో ఆ ఆరుగురూ ఏ లెక్కలోకీ రాకుండా మిగిలిపోతారని నాకు భయం.

చాలా రోజులకు ఒక ఫిజియోథెరపిస్టు నా మాట పూర్తిగా విని, "కింది అంకె ఎప్పుడైనా చూశారా అమ్మా?" అని అడిగింది. ఐదు నిమిషాలు పడుకోబెట్టి చూసింది: 76. లేపి నిలబెట్టి నిమిషానికోసారి చూస్తూ పోయింది. ఎనిమిదో నిమిషానికి 124. పైన మాత్రం అదే 98. నిలబడ్డ పది నిమిషాల్లోపు నాడి 30కి పైగా పెరిగి అలాగే ఉంటే వదిలేయకూడదని చెప్పి, బీపీ కూడా చూసి, డాక్టరుకు చీటీ రాసిచ్చింది. ఆ రోజు ఏడ్చాను. ఇన్నాళ్లకు నా బాధకు ఒక అంకె దొరికింది.

అప్పటి నుంచి దీన్ని పక్కనే పెట్టుకుని కుడుతున్నాను. నా నాడికి పెట్టిన గీత 110. అది దాటితే మిషన్ మీంచి కాలు తీసేసి వెనక్కి వాలాలి. నాలాంటి వాళ్లకు ఎక్కువ శ్రమ పడితే ఆ దెబ్బ వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజుల తర్వాత మంచం ఎక్కిస్తుంది. ఓపిక పెరగాలంటే రోజుకు కొంచెం ఎక్కువ నడవమని తెలిసినవాళ్లు చెప్పారు. శ్రమ పడ్డాక లక్షణాలు ముదిరే మనిషికి ఆ సలహా కీడు చేస్తుంది, నాకు చేసింది కూడా. శ్రమ ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్లు దొరకడమే కష్టం. కొన్ని పేద, మధ్యాదాయ దేశాల్లో పది లక్షల మందికి ఫిజియోథెరపిస్టుల్లాంటి పునరావాస నిపుణులు పది మంది కూడా లేరు. అందుకే ఈ చిన్న పరికరానికి ఇంత విలువ ఇస్తున్నాను.

లోపాలూ ఉన్నాయి. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగున్నా తప్పు చూపిస్తుంది. పెట్టగానే వచ్చే అంకెను నమ్మకండి, కదలకుండా అర నిమిషమైనా ఆగాలి. నల్లటి చర్మం ఉన్నవాళ్లకు ఆక్సిజన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. అమెరికాలో 2020 డిసెంబరులో వచ్చిన అధ్యయనంలో, ఆక్సిజన్ పడిపోయినా పరికరం పట్టుకోలేకపోవడం తెల్లవాళ్లతో పోలిస్తే నల్లవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. పెట్టె మీద ఈ ముక్క ఎందుకు రాయరో! 98 ఉన్నా ఊపిరి అందకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అయిదుకు నాలుగు ఇస్తాను. బ్యాటరీ మూత విరిగి దారంతో కట్టాను, అయినా బాగానే పనిచేస్తోంది. మొన్న మిషన్ మీద వరసగా నలభై నిమిషాలు కూర్చున్నాను. లేచేటప్పుడు చూస్తే 102.