వేళ్ల తిమ్మిరి: మీడియన్ నరమా, అల్నార్ నరమా?

ఉంగరపు వేలిని దూదితో రెండు పక్కలా తాకి చూడండి. నడివేలి వైపు సగం మొద్దుబారితే మీడియన్ నరాన్ని, చిటికెన వేలి వైపు సగమైతే అల్నార్ నరాన్ని అనుమానించాలి. చాలామందిలో ఆ వేలి స్పర్శను చేతిలోకి వచ్చే ఈ రెండు నరాలూ పంచుకుంటాయి.

మీడియన్ నరం మణికట్టు దగ్గర కార్పల్ టన్నెల్ అనే సన్నని దారిలో 9 టెండన్లతో (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లతో) కలిసి ఇరుగ్గా వెళ్తుంది. లోపల వాపొస్తే నలుగుతుంది, తిమ్మిరి రాత్రిపూట ఎక్కువ. అరచేతి మధ్య చర్మానికి వెళ్లే కొమ్మ మాత్రం టన్నెల్ పైనుంచి పోతుంది కాబట్టి అక్కడ స్పర్శ మామూలుగానే ఉంటుంది.

అల్నార్ ఎక్కువగా నలిగేది మోచేతి లోపలి ఎముక వెనక. మోచెయ్యి మడిచి ఉంచితే ఇంకా బిగుస్తుంది. బొటనవేలు, చూపుడువేలి మధ్య కాగితం గట్టిగా పట్టించి లాగండి. బొటనవేలి కొస కణుపు వంగిపోతే అల్నార్ నరం నడిపే కండరాలు బలహీనపడ్డట్టే. తిమ్మిరి కంటే ఈ బలహీనతకే తొందరపడాలి: కండ కరిగాక బలం పూర్తిగా తిరిగి రావడం కష్టం.