గాలి మీటరు కొంటే ఏది మేలు?

పోపులో ఎండుమిరపకాయ కాస్త మాడిందంతే, హాల్లో అల్మరా మీదున్న గాలి కాలుష్యం మీటరు ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారిపోయింది. "బెంజ్ సర్కిల్ మనింట్లోకే వచ్చేసిందా?" అంది మా ఆవిడ. మాది విజయవాడ, బెంజ్ సర్కిల్ ఇక్కడ బండ్ల రద్దీ ఎక్కువుండే కూడలి. ఎంక్యూ-135 సెన్సర్‌తో నేనే బిగించుకున్న కిట్ అది. శానిటైజర్ రాసుకున్న చెయ్యి దగ్గరికి తెస్తే అంకె ఇంకా పైకెక్కింది.

ఇది మెటల్ ఆక్సైడ్ రకం. లోపల చిన్న హీటరు టిన్ ఆక్సైడ్ పొరను వేడిగా ఉంచుతుంది. గ్యాస్ తగిలితే ఆ పొర రెసిస్టెన్స్, అంటే కరెంటుని అడ్డుకునే గుణం, మారుతుంది. తగిలింది అమ్మోనియానా, ఆల్కహాలా, పొగా అన్నది దానికి తెలీదు. ఈ రకంలోనే కార్బన్ మోనాక్సైడ్ కోసమని అమ్మే ఎంక్యూ-7 ఉంది. దాని డేటాషీట్‌లో కొలిచే పరిధి 20 నుంచి 2000 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో ఎన్ని వంతుల గ్యాస్ ఉందన్న లెక్క). మన దేశంలో బయటి గాలికి పెట్టిన ప్రమాణమేమో గంట సగటున ఘనపు మీటరుకి 4 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 3.5 పీపీఎం. మిర్చియార్డు కాటా మీద తులం బంగారం తూచినట్టన్నమాట.

రెండోది ఎలక్ట్రోకెమికల్ సెల్. ఇందులో గ్యాస్ ఎలక్ట్రోడు దగ్గర రసాయన చర్య జరిపి కాస్త కరెంటు పుట్టిస్తుంది. గ్యాస్ ఎంతుంటే కరెంటు అంత. కార్బన్ మోనాక్సైడ్‌కి నా ఓటు దీనికే. కాకపోతే ఫ్యాక్టరీ కార్మికులు నడుముకి తగిలించుకునే అలారం మీటర్లు చాలావరకు ఒక్కో పీపీఎం చొప్పునే చూపిస్తాయి. వాటిని ఏలూరు రోడ్డు మీదికి తెస్తే చాలాసేపు సున్నాయే కనిపిస్తుంది. గాలి శుభ్రంగా ఉందనుకుంటే మోసపోయినట్టే.

బండ్ల పొగలో వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ దగ్గర అసలు చిక్కుంది. మామూలు సెల్ ఓజోన్‌ని కూడా అదే గ్యాస్ అనుకుంటుంది. ఓజోన్ ఎండలో తయారవుతుంది కాబట్టి, మధ్యాహ్నం రెండింటికి రోడ్డు ఖాళీగా ఉన్నా అంకె పెరుగుతుంది. ట్రాఫిక్ లేకుండా ట్రాఫిక్ కాలుష్యం! పైగా విజయవాడ మే ఎండకి సెల్ బేస్‌లైన్ (గ్యాస్ లేనప్పుడు చూపే అంకె) కదులుతుంది, లోపలి ద్రావణం ఆరుతుంది. వానాకాలం తేమకి అదే ద్రావణం నీళ్లు పీల్చుకుంటుంది. జనవరిలో సరిచేసిన మీటరుని మేలో నమ్మడానికి లేదు. అందుకే ఓజోన్‌ని అడ్డుకునే ఫిల్టరో, పక్కన ఓజోన్ సెన్సరో లేకపోతే ఇది కొనొద్దు.

ఏసీ గదిలో కార్బన్ డయాక్సైడ్ చూడాలంటే ఇన్‌ఫ్రారెడ్‌తో కొలిచే ఎన్‌డీఐఆర్ రకమే తీసుకోండి. చవకవాటిలో కొన్ని వేరే ఆవిర్లను చూసి 'సీఓ2 ఇంత ఉండొచ్చు' అని లెక్కగట్టి చూపిస్తాయి. అగరుబత్తి వెలిగిస్తే చాలు, గదిలో పదిమంది ఉన్నట్టు చెబుతాయి.

కొన్నాక పరీక్షించడం ఎలా? రెండు మీటర్లు పక్కపక్కన పెడితే అంకెలు కలిశాయి కదా అని మావాళ్లు సంబరపడ్డారు. రెండూ ఒకే రకమైతే ఓజోన్ దగ్గర రెండూ ఒకేలా పొరబడతాయి. కనీసం రెండు వారాలు కాలుష్య నియంత్రణ మండలి స్టేషన్ పక్కన ఉంచి, గంట గంటకీ పోల్చాలి. నైట్రోజన్ ఆక్సైడ్లకు అక్కడ వాడేది కెమిల్యూమినిసెన్స్ యంత్రం, అంటే రసాయన చర్యలో పుట్టే వెలుగుని కొలిచేది. గ్రాఫులు కలిసి లేచి కలిసి పడితే చాలదు, స్టేషన్ 40 అన్నప్పుడు మనది 80 అంటోందేమో కూడా చూడాలి. సామాన్యులకి ఇది కుదిరే పని కాదు, కాలేజీలు అనుమతి అడగొచ్చు. విజయవాడ, గుంటూరు రెండూ గాలి కాలుష్యం తగ్గించడానికి పెట్టిన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్న ఊళ్లే.

అన్నట్టు, సెల్ మీటరుని ఒకసారి గుంటూరు మిర్చియార్డుకి పట్టుకెళ్లాను. దగ్గి దగ్గి నా కళ్లు ఎర్రబడ్డాయి గానీ అంకె కదల్లేదు. దాని తప్పేం లేదు. ఆ ఘాటు మిరపకి కారాన్నిచ్చే కాప్సైసిన్ ఉన్న దుమ్ముది, గ్యాస్‌ది కాదు.

ఎంక్యూ-135 కిట్‌ని ఇప్పుడు వంటింట్లోనే పెట్టాం. పోపు మాడితే అందరికంటే ముందు అదే చెబుతోంది.