ఇంగ్లండు పూర్వీకుల జాడ: ఇండెక్స్ చాలా, అసలు రిజిస్టర్ చూడాలా?

రైల్వేలోనో పటాలంలోనో పనికి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఇంగ్లీషు పూర్వీకుడి మూలాలు వెతికే ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: చర్చి పుస్తకాల్లోంచి పేర్లు ఎత్తి రాసిన, ఇంటర్నెట్‌లో వెతికే జాబితా (ఇండెక్స్) చాలా, అసలు పుస్తకం (రిజిస్టర్) పేజీలే చూడాలా? ఇంగ్లండులో 1837 జూలైలో సివిల్ రిజిస్ట్రేషన్, అంటే పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులను ప్రభుత్వమే నమోదు చేయడం, మొదలైంది కాబట్టి, అంతకుముందు పుట్టిన మామూలు మనిషికి చర్చి పుస్తకాలే ఆధారం.

ఇండెక్స్ లేకుండా పని మొదలుపెట్టమని ఎవరికీ చెప్పను. ఫ్యామిలీసెర్చ్, వాలంటీర్లు నడిపే ఫ్రీరెగ్ అనే వెబ్‌సైట్లు రెండూ ఉచితమే. మనిషిది ఏ పారిష్షో (ఒక చర్చి కిందికి వచ్చే ఊరు) తెలియనప్పుడు కౌంటీ (జిల్లా లాంటిది) మొత్తాన్ని ఒకేసారి జల్లెడ పట్టొచ్చు. అయితే కావలసిన పేరుతో ఒక బాప్తిస్మం కనపడగానే చాలామంది మావాడే అనుకుని, అక్కడి నుంచి మూడు నాలుగు తరాలు పైకి వెళ్లిపోతారు.

నాకు భయం అక్కడే. జాన్, విలియం, థామస్ అనే పేర్లు లేని ఇల్లుండదు. అన్నదమ్ములిద్దరూ తమ తండ్రి పేరే కొడుకులకు పెట్టుకుంటే ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, దాదాపు ఒకే వయసు జాన్‌లు ఇద్దరుంటారు. వాళ్లలో ఒకడు ఏడాది తిరక్కుండానే పోయి ఉండొచ్చు. ఆ సంగతి తెలిసేది ఖననాల పేజీల్లోనే. ఫ్యామిలీసెర్చ్ పాత ఇండెక్స్‌లోనేమో ఖననాలు దాదాపు లేనట్టే. అందుకే బాప్తిస్మం దొరికిన ఏడాది నుంచి ఖననాలను వరసగా చదివి, ఆ బిడ్డ బతికాడనిపించాకే ముందుకు వెళ్లాలంటాను. అదే దంపతులకు కొన్నేళ్లకు మళ్లీ జాన్ పుట్టాడంటే, మొదటివాడు దక్కలేదేమోనని చూసుకోవాలి. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి. బాప్తిస్మంలో తండ్రి వృత్తి, ఖననంలో వయసు ఉంటాయి కాబట్టి ఇద్దరు జాన్‌లను విడదీయడం కాస్త తేలిక.

పెళ్లిళ్లకైతే అసలు పేజీకి సాటి లేదు. 1754 నుంచి వధూవరుల సంతకాలు, సంతకం రానివాళ్లైతే గీసిన గుర్తు, సాక్షుల పేర్లు ఉంటాయి. ఇండెక్స్‌లో సాక్షులు చాలాసార్లు కనపడరు. పొలం కూలీ పెళ్లికి సాక్షిగా నిలిచింది పెళ్లికూతురి చెల్లెలో, బావగారో అయితే, ఆ బంధుత్వం ఇంకే కాగితంలోనూ దొరక్కపోవచ్చు. ఒక జాగ్రత్త: ముందు వెనక పేజీల్లోనూ అదే సాక్షి పేరు వస్తుంటే అతను బంధువు కాకపోవచ్చు, పారిష్ క్లర్క్ (చర్చి పనుల్లో సాయపడే ఉద్యోగి) అయ్యుంటాడు. ఇది కూడా పేజీలు తిప్పినవాళ్లకే తెలుస్తుంది.

ఏటా బిషప్‌కు పంపిన నకళ్లు, అసలు పుస్తకం తడిసో చిరిగో పోయినప్పుడు ఆదుకుంటాయి. వాటిలో సంతకాలు కూడా నకలు రాసినవాడి చేతిరాతే, కాబట్టి సంతకాలు పోల్చి చూడటానికి పనికిరావు.

కుటుంబం పారిష్ మారిందనిపిస్తే పేదల సహాయం కింద జరిగిన సెటిల్‌మెంట్ విచారణ (సాయం చేయాల్సింది ఏ పారిష్షో తేల్చే విచారణ) కాగితాలు చూడండి. అన్ని ఊళ్లవీ మిగల్లేదు.

అసలు పేజీల ఫోటోలు కొన్ని కౌంటీలవి యాన్సెస్ట్రీ వెబ్‌సైట్‌లో, కొన్ని ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. రెండిటికీ డబ్బు కట్టాలి. మీ కౌంటీవి ఎక్కడున్నాయో ఆ కౌంటీ రికార్డ్ ఆఫీస్ (పాత కాగితాలు దాచే కార్యాలయం) వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే చందా కట్టండి.