హిల్స్‌బరో దగ్గరి ఫామ్ షాపు: గుడ్లకీ పోర్క్‌కీ నాలుగు స్టార్లు

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో హిల్స్‌బరో నుంచి ఫారెస్ట్ గ్రోవ్ వైపు వెళ్తుంటే కుడిపక్కన వస్తుంది ఈ ఫామ్. సూపర్ మార్కెట్ కంటే ధర ఎక్కువే. గుడ్ల సొన మంచి రంగులో ఉంటుంది, పోర్క్ షోల్డర్ వేపుడికి చక్కగా మెత్తబడుతుంది. కానీ నేను ఇక్కడికే రావడానికి అసలు కారణం వేరు. వీళ్లు కోళ్లనీ పందుల్నీ ఒకదాని దగ్గరికి ఒకదాన్ని రానివ్వరు.

2024 అక్టోబరు చివర్లో మా ఒరెగాన్‌లోనే, క్రూక్ కౌంటీలో, ఇంటి దగ్గర పెంచుకునే పందికి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ తేలింది. అమెరికాలో పందికి అది రావడం అదే మొదలు. అక్కడున్న అయిదు పందుల్లో చివరికి రెండు పాజిటివ్. పైకి జబ్బు లక్షణాలేమీ లేవు. ఆ ఇంట్లో పక్షులకీ పశువులకీ నీళ్లు, పాక, సామాన్లు అన్నీ కలిపే వాడేవారు. పందికి పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ అంటుకోగలవు. రెండూ ఒకే పందిలో చేరితే వాటి జన్యువులు కలిసిపోయి కొత్త రకం పుట్టొచ్చు. 2009లో ప్రపంచమంతా పాకిన హెచ్1ఎన్1 వైరస్‌లో పంది, పక్షి, మనిషి ఫ్లూల జన్యువులు ఉన్నాయి. క్రూక్ కౌంటీ వైరస్‌లో మాత్రం మనుషులకి తేలిగ్గా అంటుకునేలా చేసే మార్పులు కనబడలేదు, ఆ మాంసం మార్కెట్‌కీ వెళ్లలేదు. కాబట్టి పోర్క్ మానేయక్కర్లేదు, పెంచేవాళ్లు ఎలా పెంచుతున్నారో అడగాలి.

నేను అడిగాను. ఓనరమ్మ విసుక్కోకుండా అంతా తిప్పి చూపించింది. పందులకి బోరు నీళ్లే, చెరువు నీళ్లు పెట్టరు. దాణా డబ్బాలన్నిటికీ మూతలున్నాయి. కోళ్ల షెడ్డులో పనిచేసే అబ్బాయి పందుల దొడ్డిలోకి వెళ్లేముందు బూట్లు మార్చుకుంటాడు, పారలూ బకెట్లూ వేరు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు పందుల దగ్గరికి రావొద్దని బోర్డు ఉంది. మా చిన్నాడికి ముక్కు కారుతోందని కంచె ఇవతలే ఆపేసింది. వాడు ఏడ్చాడు గానీ, నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. మన ఫ్లూ కూడా పందులకి అంటుతుంది మరి.

మాది తణుకు వైపు. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు కోళ్లకి బర్డ్ ఫ్లూ అని తేలినప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే ఎవరి గొంతులోనూ ప్రాణం లేదు. ఆ మార్చిలో నరసరావుపేటలో రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయింది. పచ్చి చికెన్ ముక్క తిన్నదని వార్తల్లో వచ్చింది. అప్పట్నుంచీ మా వంటింట్లో మాంసం థర్మామీటర్ వాడుతున్నాను: పోర్క్ ముక్కలకి 145 ఫారెన్‌హీట్ వచ్చాక మూడు నిమిషాలు ఆగాలి, కీమాకి 160, చికెన్‌కి 165.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, పార్కింగ్ పక్కనే చెరువు, దాన్నిండా అడవి బాతులు, బర్డ్ ఫ్లూని మోసుకొచ్చేది ఎక్కువగా ఇలాంటివే. వాటి రెట్టల మీదుగా నడిచే పిల్లలు లోపలికి వెళ్తున్నారు. బూట్లు కడిగే తొట్టి దొడ్డి దగ్గర ఉంది, గేటు దగ్గర లేదు. చేతులు కడిగే చోట సబ్బు కూడా ఒక్కోసారి ఉండదు. ఆవిడకి చెప్పాను, గేటు దగ్గర ఇంకో తొట్టి పెట్టిస్తానంది. శనివారం గుడ్లు కావాలంటే పొద్దున్నే రండి, పదకొండుకల్లా అయిపోతాయి.