రోహిణి కార్తెలో రెడీమిక్స్ స్లాబ్: మాలుకు నాలుగు స్టార్లు, సర్వీసుకు రెండున్నర

ఒంగోలులో మా ఇంటి స్లాబు మే ఆఖరి వారంలో వేశాం. 1,050 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం. బీములతో కలిపితే 17 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి ఎండలో స్లాబు ఏమిటని మా ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది. అప్పుడు వదిలేస్తే సెంట్రింగ్ సామాను మళ్ళీ దీపావళి దాకా దొరకదన్నారు. మిల్లర్ (ఇంటి దగ్గరే కాంక్రీటు కలిపే యంత్రం) పెట్టి పాతిక మంది కూలీలతో ఆ ఎండలో తట్టలు మోయించే బదులు ప్లాంటులో కలిపి బండిలో తెచ్చే రెడీమిక్స్ తెప్పిద్దామనుకున్నాను. ప్లాంటు పేరు ఎందుకులెండి, ఊరి చుట్టూ ఉన్నవాటిలో అదొకటి. రెడీమిక్స్ తెప్పించాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా తాపీ మేస్త్రీకి ఈ పద్ధతి మొదట్నుంచీ ఇష్టం లేదు. "మిల్లర్ అయితే కళ్ళ ముందు కలుస్తుంది సార్. ప్లాంటోడు ఏం కలిపాడో ఎవడు చూశాడు?" అన్నాడు. నిజమే. కానీ కళ్ళ ముందు కలిసేదానిలో నీళ్ళ కొలత ఎవరు చూశారు? బస్తా సిమెంటుకు ఒకటిన్నర వంతు ఇసుక, మూడు వంతుల కంకర అని లెక్క చెప్తారు. నీళ్ళ దగ్గరకొచ్చేసరికి మాత్రం అంతా కంటిచూపే. మాలు, అంటే కలిపిన కాంక్రీటు, కొంచెం గట్టిపడితే చాలు, ఎవరో ఒకరు బకెట్ కుమ్మరిస్తారు. ప్లాంటులో అయితే ప్రతిదీ తూకం వేసి కలిపి, ఆ అంకెలు చలానా మీద వేసి ఇస్తారు. నేను ఆర్టీసీ డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. కాగితం మీద టైము, అంకె ఉంటేనే నాకు మనసు కుదుటపడుతుంది.

ఆర్డర్ ఎం25 గ్రేడు (28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం), 20 ఎంఎం కంకర, పొడవాటి చేయితో మాలును పైకి పంపే బూమ్ పంపు. క్యూబిక్ మీటరు 5,200, పైన జీఎస్టీ 18 శాతం, పంపుకు వేరే. చలానాలో సిమెంటు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిపి క్యూబిక్ మీటరుకు 340 కిలోలు, నీళ్ళు 160 లీటర్లు అని ఉంది. మొదటి బండి 5:55కు లోడై 6:35కు మా వీధిలో ఉంది. అప్పటి వరకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

తూకం సంగతి కూడా చెప్పాలి. చాలామందికి ఉండే అనుమానం, బండికి ఆరు క్యూబిక్ మీటర్లని చెప్పి అయిదున్నర పోస్తారేమో అని. కాంక్రీటు క్యూబిక్ మీటరు దాదాపు 2,400 కిలోలు తూగుతుంది. ఆరు మీటర్లంటే 14 టన్నుల పైచిలుకు. దారిలో వేబ్రిడ్జి దగ్గర నిండు బండిని ఒకసారి, దింపాక ఖాళీ బండిని ఒకసారి తూయిస్తే సరిపోతుంది. ఈ సంగతి ఆర్డరిచ్చేటప్పుడే చెప్పాను. వాళ్ళు ముఖం చిట్లించలేదు. మొదటి బండి తూకం సరిగ్గానే వచ్చింది. మేస్త్రీ మాత్రం చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా తిరిగిచ్చాడు.

పంపు మొదలుపెట్టేముందు పైపు లోపల జారుడు రావడానికి సిమెంటు పాలు పంపుతారు. ఆ నీళ్ళ మిశ్రమాన్ని పంపువాళ్ళు నేరుగా బీము మూలలోకి వదలబోయారు. మేస్త్రీ పరుగున వెళ్ళి గమేళాలు అడ్డం పెట్టి పట్టించి బయట పారబోయించాడు. బీములో కంకర లేని పాలు నిలబడితే అక్కడ బలం ఉండదు. ఇది కంపెనీ మనుషులకు తెలియనిదా? తెలుసు. పారబోసే చోటు వెతుక్కోవడం బద్ధకం, అంతే.

అసలు గొడవ రెండో బండితో. మొదటి బండి 7:20కి ఖాళీ అయింది. రెండోది వచ్చింది 8:40కి. గంటా ఇరవై నిమిషాలు పోసిన అంచు అలాగే ఎండలో ఉంది. ఈలోగా ఆ అంచు గట్టిపడిపోతే కొత్త మాలు దానితో కలవదు, పక్కన కూర్చుంటుంది. దాన్నే కోల్డ్ జాయింట్ అంటారు. రేపు వానాకాలంలో నీరు చెమర్చేది అక్కడే. మేస్త్రీ తడి గోనెసంచులు కప్పించాడు. బండి రాగానే మొదటి మాలు ఆ అంచు మీదే పోయించి, వైబ్రేటర్ నీడిల్‌ను (మాలును అదిలించి సర్దే కడ్డీని) పాత మాలులోకి దిగేలా పెట్టించాడు. నీడిల్ ఇంకా దిగుతోంది కాబట్టి బతికిపోయాం. దిగకపోతే అక్కడే ఆపేసి మర్నాడు జాయింట్ చేసుకోవాల్సి వచ్చేది. అలా ఆపాల్సివస్తే గోడ దగ్గరో బీము ముఖం దగ్గరో కాదు, రెండు బీముల నడిమి భాగంలో ఆపాలట. అందుకేనేమో, పోత ఎటునుంచి ఎటు వెళ్ళాలో అతను తెల్లవారుజామునే సున్నంతో గీతలు గీసి పెట్టుకున్నాడు.

రెండో బండి చలానా చూశాను. లోడింగ్ 7:20. అంటే ఎనభై నిమిషాలు దారిలోనే. 14 కిలోమీటర్లకు! మా డిపోలో అయితే ఆ డ్రైవరు సంజాయిషీ రాసివ్వాల్సి వచ్చేది. రెడీమిక్స్‌కు ఐఎస్ 4926 అనే ప్రమాణం ఉంది. లోడు చేసిన రెండు గంటల్లోపు దింపేయాలని అందులో రాశారు. గడువు ఇంకా దాటలేదు కానీ మాలు బిగుసుకుంది. డ్రైవరు బండి ట్యాంకు పైపు తీసి, "వంద లీటర్లు కొడితే సాఫీగా పోతుంది సార్, అందరూ కొట్టేదే" అన్నాడు.

అందరూ కొట్టేదే, అదే బాధ. ఆరు మీటర్ల మాలులో వంద లీటర్లంటే మీటరుకు దాదాపు 17 లీటర్లు ఎక్కువ. 160 కాస్తా 177 అవుతుంది. 340 కిలోల సిమెంటు, ఫ్లైయాష్‌కు లెక్కేస్తే నీటి నిష్పత్తి 0.47 నుంచి 0.52కు పెరుగుతుంది. ఎం25కు కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ఒప్పుకునేది 0.50 దాకానే. ప్లాంటులో గ్రాముల లెక్కన తూచి కలిపినదంతా మన గుమ్మం దగ్గర ఒక్క పైపుతో పోతుంది. ఎక్కువైన నీరు ఆరిపోయాక వదిలేసేది ఖాళీలే. బలం తగ్గుతుంది, పగుళ్ళు పెరుగుతాయి.

వద్దన్నాను. ఇక్కడ ప్లాంటుకు మార్కులు వేయాలి. పంపుతో వచ్చిన క్వాలిటీ కుర్రాడు డ్రైవర్ని కసిరి, తన డబ్బాలోంచి అడ్మిక్చర్ (నీళ్ళు లేకుండానే మాలును వదులు చేసే మందు) కొలిచి పోసి, డ్రమ్మును అయిదు నిమిషాలు వేగంగా తిప్పించాడు. మాలు ఎంత కిందికి జారుతుందో కొలిచే స్లంప్ కోన్ పెట్టి చూస్తే 120 ఎంఎం వచ్చింది. చుక్క నీరు కలపకుండానే మాలు కదిలింది. ఆ కుర్రాడికి అయిదు స్టార్లు. అతను లేకపోతే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. మీరు ఆర్డరిచ్చేటప్పుడు క్వాలిటీ మనిషి వస్తాడా అని మొదట అడగండి, రేటు తర్వాత అడగొచ్చు.

మూడో బండి వెంటనే వచ్చింది, పదింబావుకల్లా స్లాబు పూర్తయింది. అందరూ మజ్జిగ తాగుతున్నారు. పదకొండున్నరకు పైకెక్కితే ఈశాన్యం వైపు గదిపైన జానెడు, మూరెడు పగుళ్ళు, వెంట్రుక మందంలో. నాకు ఒకటే టెన్షన్. సేల్స్ ఆయనకు ఫోన్ చేస్తే, "నీళ్ళు కొట్టించండి సార్, ఏం కాదు" అని పెట్టేశాడు.

ఈ సర్వీసుకు రెండున్నరే ఇవ్వడానికి కారణం ఆ ఫోనే. కాంక్రీటు పోశాక లోపలి నీరు కొంచెం కొంచెంగా పైకి తేలుతుంది. ఎండ, గాలి దాన్ని తేలే వేగం కన్నా ముందే లాగేస్తే పైపొర కుంచించుకుపోయి చీలుతుంది. రెడీమిక్స్‌లో దారి దూరం కోసం గట్టిపడటాన్ని ఆలస్యం చేసే మందు కలుపుతారు. కాబట్టి మిల్లర్ మాలు కన్నా ఇది ఎక్కువసేపు మెత్తగా ఉంటుంది, అంటే ఎండకు ఎక్కువసేపు చిక్కుతుంది. మిల్లర్ మాలుకు అలవాటైన మేస్త్రీకి ఇది తెలియకపోవచ్చు. మందు కలిపినవాళ్ళకు తెలియాలి కదా? 'నునుపు చేసిన వెంటనే ప్లాస్టిక్ పట్టా కప్పండి' అనే ఒక్క మాట చలానా వెనక అచ్చు వేస్తే పైసా ఖర్చు కాదు.

కూలీ ఒకడు పగుళ్ళ మీద పొడి సిమెంటు చల్లబోతే మేస్త్రీ ఆపాడు. అది పైన పెచ్చులా కూర్చుని తర్వాత ఊడొస్తుంది. మాలు ఇంకా మెత్తగానే ఉంది కాబట్టి చెక్కతో గట్టిగా నొక్కి రుద్ది పగుళ్ళు మూయించాడు. టార్పాలిన్లు, ఎరువుల సంచుల పట్టాలు, దొరికినవన్నీ కప్పాం. సాయంత్రానికి మళ్ళీ రాలేదు. మర్నాడు మడులు కట్టి నీళ్ళు నిలబెట్టాం. ఫ్లైయాష్ ఉన్న మాలుకు, అందులోనూ ఇలాంటి ఎండలో, కనీసం 10 రోజులు తడి ఉండాలని ఐఎస్ 456 చెప్తుంది, 14 అయితే మేలంటుంది. మేము 14 రోజులూ పెట్టాం. మా వీధి బోర్లలో ఉప్పునీళ్ళు. ఉప్పు ఊచలకు తుప్పు పట్టిస్తుందని మంచినీళ్ళ ట్యాంకర్లే తెప్పించాను. ఆ ఖర్చు ప్లాంటు కొటేషన్‌లో కనబడదు, మీ లెక్కలో వేసుకోండి.

సెంట్రింగ్ విప్పాక ఒక బీము అడుగున అరచేయంత తేనెపట్టు కనబడింది, కంకర పళ్ళు ఇకిలిస్తూ. ఇది ప్లాంటు తప్పు కాదు. అక్కడ రేకుల మధ్య సందు ఉంది, పాలు కారిపోయాయి. పైగా స్తంభం దగ్గర ఊచలు కిక్కిరిసి ఉన్నాయి. సేల్స్ ఆయన ముందు "మా మాలు దానంతటదే కూర్చుంటుంది సార్" అని కోసిన కోత మాత్రం లెక్కలోకి వస్తుంది. దానంతటదే కూర్చునే కాంక్రీటు వేరే రకం, రేటూ వేరే. మామూలు ఎం25కు నీడిల్ పడాల్సిందే. వదులుగా ఉన్నదంతా చెక్కేసి, కడిగి, కుంచించుకుపోని గ్రౌటుతో నింపించాను. పైన ప్లాస్టరింగ్ కొట్టి దాచేస్తే కనబడదు కానీ ఊచకు గాలీ తేమా తగులుతూనే ఉంటాయి.

బలం పరీక్షకు అచ్చుల్లో పోసే కాంక్రీటు దిమ్మలు, అంటే క్యూబుల సంగతి. 17 మీటర్లకు మూడు శాంపిళ్ళు, ఒక్కోదానికి మూడు క్యూబులు తీయాలి. వాళ్ళు ఆరు అచ్చులే తెచ్చారు. అడిగితే మిగతా మూడు తెప్పించారు, అడగకపోతే తెచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ ల్యాబులో కాకుండా ఇంజినీరింగ్ కాలేజీలో టెస్ట్ చేయించాను. 28 రోజులకు మూడు శాంపిళ్ళ సగటు 30.8, 29.6, 32.1. ఎం25 అంటే 25. మేస్త్రీకి రిపోర్టు చూపిస్తే, "రెండో బండికి నీళ్ళు కొట్టుంటే తెలిసేది" అన్నాడు. 29.6 ఆ బండిదే.

పైఅంతస్తు స్లాబు వచ్చే ఏడాది. అదే ప్లాంటుకు ఇస్తాను. రెండు బండ్ల మధ్య అరగంట దాటితే పంపు అద్దె కట్టనని, ఆ క్వాలిటీ కుర్రాడే రావాలని కొటేషన్ మీదే రాయించుకుంటాను. ఈసారి సంక్రాంతి దాటగానే, రోహిణి కార్తె మాట ఎత్తకుండా.