ఐదు స్టార్లూ నిజమే, ఒక్క స్టారూ నిజమే: మా పేట చైనీస్ టేకౌట్, నాలుగేళ్ల తర్వాత

మా పేట చైనీస్ టేకౌట్ మీద జనం పెట్టిన రివ్యూలు వరసగా చదివితే ఇవన్నీ ఒక్క షాపు గురించేనా అని అనుమానం వస్తుంది. ఒకరికి ఫ్రైడ్ రైస్ పొడిపొడిగా, పొగ వాసనతో అమోఘం. ఆ కిందాయనకి అదే ఫ్రైడ్ రైస్ ముద్ద. ఒకరికి చికెన్ కరకర, ఇంకొకరికి తడిసిన అట్టముక్క. నాలుగేళ్లుగా దాదాపు ప్రతి వారం తెచ్చుకుంటున్న లెక్కన చెప్తున్నా, అందరూ నిజమే రాస్తున్నారు. తేడా వంటవాడి చేతిలో కన్నా ఏ వేళకి, ఏ వంటకం, ఎన్ని నిమిషాల దూరానికి అన్నదాంట్లో ఎక్కువ ఉంది.

షాపు అమెరికాలో ఏ ఊరి స్ట్రిప్ మాల్‌లోనైనా కనిపించే రకమే. కౌంటర్ పైన వెనక లైటు వెలిగే ఫొటోల బోర్డు, మూడు మడతల కాగితం మెనూ, ధర పెరిగినప్పుడల్లా పాత అంకె మీద అంటించిన తెల్ల స్టిక్కరు, వేచి ఉండేవాళ్లకి రెండు కుర్చీలు. వంటింట్లో ఇద్దరే. ఒకరు వోక్ అనే చైనా మూకుడు దగ్గర, ఒకరు నూనెలో ముంచి వేయించే ఫ్రయర్ దగ్గర. కింద చెప్పేవాటిలో సగం ఈ "ఇద్దరే" అన్నదాని వల్లే.

ముందు ఫ్రైడ్ రైస్. దీనికి చద్దన్నమే పనికొస్తుంది. వండి ఆరబెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మెతుకు పైతడి ఆరిపోతుంది, లోపలి పిండి పదార్థం గట్టిపడుతుంది. అలాంటి అన్నం వోక్‌లో పడితే గరిటె తగలగానే మెతుకుకి మెతుకు విడిపోతుంది. నిన్నటి అన్నం అయిపోయాక కుక్కర్లోంచి అప్పుడే తీసిన అన్నం వేస్తే అది ఆవిరి కక్కుతూ అంటుకుంటుంది, దాన్ని విడదీయబోతే నలుగుతుంది. శుక్ర, శని రాత్రి ఎనిమిది దాటాక ఇక్కడ వచ్చే ముద్ద ఫ్రైడ్ రైస్ కథ ఇదే. ఐదున్నర, ఆరు మధ్య అదే షాపు, అదే మనిషి, అదే ధర, కానీ వేరే తిండి. రంగు చూసి మాత్రం తీర్పు చెప్పకండి. ముదురు సోయా సాస్ రెండు చుక్కలు ఎక్కువైతే నల్లబడుతుంది తప్ప రుచేం పెరగదు.

ఆ పొగ వాసన ఇంట్లో ఎందుకు రాదని అడిగేవాళ్లకి: అది మంట సంగతి. ఇలాంటి వంటిళ్లలో వోక్ పొయ్యి గంటకి లక్ష బీటీయూల (వేడిని కొలిచే లెక్క) పైన మంట ఇస్తుంది, ఇంట్లో గ్యాస్ స్టవ్ మీద పెద్ద బర్నర్ కూడా చాలావాటిలో పదిహేను, ఇరవై వేల దగ్గరే ఆగిపోతుంది. పలచటి ఉక్కు వోక్ సెగ మీద ఉన్నప్పుడు అన్నాన్ని ఎగరేస్తే, నూనె తుంపరలు మంట అంటుకుని ఆ వాసన పట్టిస్తాయి. అయితే ఒక వాయికి రెండు మూడు ప్లేట్ల సరుకు దాటితే వోక్ చల్లబడి వేపుడు కాస్తా ఉడుకుగా మారిపోతుంది. అందుకే పదిమందికి పార్టీ ట్రే చెప్పినవాళ్లు "ఎప్పటి రుచి లేదు" అని రాస్తారు. ట్రే బదులు క్వార్ట్ డబ్బాలు నాలుగైదు చెప్పడం మేలు, అదీ రకరకాలవి, ఒకే రకం అయితే కలిపే వేయిస్తారు. క్వార్ట్ అంటే 946 మిల్లీలీటర్లు, ఇద్దరికి దండిగా సరిపోతుంది. పింట్ అందులో సగం.

ఇక అందరూ తెచ్చుకునేది, అందరూ తిట్టేది జనరల్ సోస్ చికెన్. ఇది ఎలా తయారవుతుందో తెలిస్తే ఎలా చెడుతుందో కూడా తెలుస్తుంది. తొడ మాంసం ముక్కలకి కార్న్‌స్టార్చ్, గుడ్డు పట్టించి ముందే ఒకసారి ముప్పావు వంతు వేయించి పెట్టుకుంటారు. ఆర్డర్ వచ్చాక బాగా కాగిన నూనెలో రెండో వాయి. తర్వాత వోక్‌లో ఎండుమిర్చి, అల్లం, వెల్లుల్లి, సోయా సాస్, వెనిగర్, పంచదార, కార్న్‌స్టార్చ్ నీళ్లతో పాకం పట్టి ముక్కల్ని అందులో రెండుసార్లు ఎగరేసి దించుతారు. వోక్‌లోంచి దించిన నిమిషంలో పైపొర గాజులా పగులుతుంది. ఆ మీదట మూత పెడతారు. లోపలి ఆవిరి పైకి పోలేక ముక్క మీదే కారుతుంది, కింద పాకం పైపొరలోకి ఇంకుతుంది, ప్లాస్టిక్ సంచికి రెండు ముళ్లు వేస్తారు. పదిహేను నిమిషాలు చాలు, కరకర పోవడానికి. మూత పెట్టిన బజ్జీ ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మందు సులువే. ఫోన్లో "సాస్ విడిగా" అనండి. పింట్ డబ్బాలో సగం దాకా పోసిస్తారు, ఇక్కడ అదనంగా డబ్బు తీసుకోరు. కారెక్కగానే సంచి ముడి విప్పి మూత ఒక మూల తెరవండి. ఇల్లు చేరాక ముక్కల్ని ఎయిర్ ఫ్రయర్‌లో 375 ఫారెన్‌హీట్ దగ్గర నాలుగైదు నిమిషాలు, ఓవెన్ అయితే 400 దగ్గర ఎనిమిది నిమిషాలు ఉంచి, సాస్ వేరుగా వేడిచేసి తినేముందు కలపండి. మైక్రోవేవ్ మాత్రం వద్దు, మిగిలిన కాస్త కరకరనీ అదే చంపుతుంది.

మెనూలో దీని పక్కన మిరపకాయ బొమ్మ ఉంటుంది. నమ్మకండి, ఇది తీపి వంటకం. చైనాలో చింగ్ రాజుల కాలంలో 1885లో పోయిన జో జోంగ్‌తాంగ్ అనే సేనాపతి పేరు పెట్టారు కానీ ఆయన దీన్ని రుచి చూసిందీ లేదు. చైనాలోని హునాన్ ప్రాంతపు వంటవాడు పెంగ్ చాంగ్‌క్వే 1950లలో తైవాన్‌లో చేసిన మొదటి రూపంలో పంచదారే లేదు, న్యూయార్క్ చేరాకే తీపెక్కింది. కారం కావాలంటే "ఎక్స్‌ట్రా స్పైసీ" అనడం వృథా, నాలుగు ఎండుమిర్చి ఎక్కువ పడతాయంతే, వాటిని కొరికేవాడెవడు. చిల్లీ ఆయిల్ చిన్న కప్పులో అడగండి.

ఫ్రయర్ నూనె సంగతి తెలుసుకోవాలంటే ఎగ్ రోల్ చూడండి. మొత్తం ఒకే బంగారు రంగులో, బుడగలు తేలి ఉంటే నూనె కొత్తది, సెగ సరిగ్గా ఉంది. అంచులు నల్లగా, కొరికితే రొయ్యల వాసన వస్తే నూనె అలసిపోయిందన్నమాట. వింగ్స్, రొయ్యలు, ఎగ్ రోల్స్ అన్నీ అదే నూనెలో మునుగుతాయి మరి. కాగితం సంచి అద్దంలా మెరుస్తూ వస్తే సెగ చాలక రోల్ నూనె తాగేసింది. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఇక్కడ ఈ గొడవ ఎక్కువ. లంచ్ రద్దీ అయ్యాక మంట తగ్గిస్తారు, ముందే వేగినవి ట్రేలో ఉంటాయి. ఆ రెండు గంటలూ వేపుళ్ల జోలికి పోకండి.

బీఫ్ బ్రకోలీ ఈ షాపు అసలు బలం, రివ్యూల్లో ఎవరూ రాయరు. మాంసాన్ని పీచుకి అడ్డంగా పలచగా కోసి, చిటికెడు బేకింగ్ సోడా, కార్న్‌స్టార్చ్, సోయా సాస్ పట్టించి ఉంచుతారు, అందుకే ముక్క అంత మెత్తగా జారుతుంది. సోడా మోతాదు మించితే నాలుక మీద సబ్బు రుచి తగులుతుంది. నాలుగేళ్లలో అలా రెండుసార్లే వచ్చింది. ప్రయాణంలో చెడేది బ్రకోలీ: మూత కింద వేడికి ఇంకా ఉడుకుతూనే ఉండి ఇంటికి వచ్చేసరికి ఆలివ్ రంగుకి తిరుగుతుంది. "బ్రకోలీ తక్కువ ఉడికించండి" అంటే వింటారు. ఇరవై నిమిషాల దూరం వాళ్లకి దీన్నీ, లో మేన్ నూడుల్స్‌నీ, వెల్లుల్లి సాస్ వంకాయనీ నమ్మకంగా చెప్పొచ్చు. వీటిలో పాడవడానికి కరకర లేదు కదా.

లో మేన్ అంటే గుర్తొచ్చింది. "నూడుల్స్ ఇవ్వడం మర్చిపోయారు" అని ఒక్క స్టార్ ఇచ్చిన రివ్యూలు ఈ షాపుకి కనీసం అరడజను ఉన్నాయి, అన్నీ చౌ మేన్ చెప్పినవే. వాళ్లు మర్చిపోలేదు. ఈస్ట్ కోస్ట్ పాత పద్ధతి టేకౌట్లలో చౌ మేన్ అంటే తెల్లటి గ్రేవీలో క్యాబేజీ, సెలరీ, పక్కన చిన్న కవర్లో వేయించిన కరకర పుల్లలు. మెత్తటి నూడుల్స్ కావాలంటే లో మేన్ అనాలి. కాలిఫోర్నియా నుంచి వచ్చినవాళ్లకి చౌ మేన్ అంటేనే వేయించిన నూడుల్స్, అందుకే తగువు.

హాట్ అండ్ సౌర్ సూప్‌లో ఘాటు తెల్ల మిరియాలది, పులుపు వెనిగర్‌ది. పులుపు ఒక్కో రోజు ఒక్కో రకం, ఇంట్లో ఒక టీస్పూన్ వెనిగర్ కలుపుకుంటే సర్దుకుంటుంది. మర్నాటికి నీళ్లైపోయిందని కొందరి ఫిర్యాదు. డబ్బాలోనే స్పూన్ పెట్టి తిని మిగిల్చితే అంతే, ఉమ్మిలోని ఎంజైమ్ రాత్రంతా ఆ చిక్కదనాన్ని విరిచేస్తుంది. కావలసినంత గిన్నెలోకి వంచుకోండి.

శాకాహారులు ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవాలి. మెనూలో "వెజిటబుల్" అంటే మాంసం ముక్కలు వేయం అని మాత్రమే. బ్రౌన్ సాస్‌లో ఆయిస్టర్ (గుల్లచేప) సాస్ ఉంటుంది, తెల్ల సాస్‌కి ఆధారం చికెన్ ఉడికించిన నీళ్లు. వెజ్ ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు, హాట్ అండ్ సౌర్ సూప్‌లో పంది మాంసం పీలికలు, మాపో టోఫూ అనే సోయా పనీర్ కూరలో పంది కీమా. ఎగ్ రోల్‌లోనూ పంది మాంసం ఉంటుంది, స్ప్రింగ్ రోల్ మాత్రం వెజ్. క్రాబ్ రంగూన్ అనే చీజ్ నింపిన వేపుడులో ఉండేది పీత కాకపోవచ్చు కానీ చేపే. "ప్యూర్ వెజ్" అంటే కౌంటర్ దగ్గర ఎవరికీ అర్థం కాదు. ఆయిస్టర్ సాస్ వద్దు, చికెన్ బ్రాత్ వద్దు, గుడ్డు వద్దు అని ఒక్కొక్కటి పేరుపెట్టి చెప్పండి. అన్నిటికన్నా భరోసా మెనూ చివర "డైట్" కింద ఉండే ఆవిరి టోఫూ, కూరగాయలు. నూనె, ఉప్పు, కార్న్‌స్టార్చ్ లేకుండా వస్తాయి, సాస్ విడిగా ఇస్తారు, నచ్చకపోతే ముట్టుకోనక్కర్లేదు. అయినా వోక్, గరిటె అందరికీ ఒకటే, వాయికీ వాయికీ మధ్య నీళ్లతో గీసి కడగడమే. అది పట్టింపు ఉన్నవాళ్లకి, పల్లీ, నువ్వుల అలెర్జీ ఉన్నవాళ్లకి ఈ షాపు కాదు. గోధుమ పడనివాళ్లకి కూడా కష్టమే, సోయా సాస్‌లోనే గోధుమ ఉంటుంది.

కిటికీకి "నో ఎంఎస్‌జీ" (అజినోమోటో వేయం) అని బోర్డు ఉంది. 1968లో ఒక వైద్య పత్రికలో అచ్చైన ఉత్తరంతో మొదలైన భయం అది. మామూలు మోతాదులో దాన్ని సురక్షితమైన పదార్థాల లెక్కలోనే అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఉంచింది. తిన్నాక దాహం వేస్తే సోయా సాస్‌ని అనుమానించండి, ఒక్క టేబుల్‌స్పూన్‌లోనే దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం.

ఆర్డర్ చేసే తీరు కూడా రుచిలో భాగమే. యాప్‌లో ప్రతి వంటకం రెండు డాలర్లు ఎక్కువ, పైగా డ్రైవర్ దారిలో ఇంకో రెండు ఇళ్లు చూసుకుని వస్తాడు. ఫోన్ చేసి వెళ్లి తెచ్చుకోవడమే పద్ధతి. మెనూలోని వంటకం నంబరు ఒక్కటే చెప్పకండి. లంచ్‌లో 12 వేరు, కాంబోలో 12 వేరు, నంబరుతో పాటు వంటకం పేరు కూడా అనండి. ఏం చెప్పినా "పది నిమిషాలు" అంటారు, శుక్రవారం అది ఇరవై ఐదు. కౌంటర్ వదిలే ముందు సంచిలో రెండే చూడండి: ఫ్రైడ్ రైస్ అడిగితే తెల్లన్నం పెట్టారేమో, సూప్ మూత సరిగ్గా నొక్కుకుందో లేదో. ఈ షాపు మీద అసలు ఫిర్యాదు ఈ రెండోదే. సూప్ అంచుదాకా పోస్తారు, మూత సరిగ్గా కూర్చోదు, కారు సీటు పాడవుతుంది. ఎన్నిసార్లు చెప్పినా మారలేదు, ఇందుకే ఒక స్టార్ తగ్గించాను.

మిగిలినవి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, ముఖ్యంగా అన్నం. ఉడికినా చావని బాక్టీరియా బీజాలు అందులో ఉంటాయి, గది వేడిలో అవి మొలిచి వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. మూడు, నాలుగు రోజుల్లో 165 ఫారెన్‌హీట్ దాకా వేడిచేసి తినేయండి. తీగ పిడి ఉన్న తెల్ల కాగితం పెట్టె అయితే తీగ లాగేశాకే మైక్రోవేవ్‌లోకి. 1894లో షికాగోలో పేటెంటైన ఆ పెట్టె ఒకే కాగితం మడత, అసలు ఆయిస్టర్లు మోయడానికి పుట్టింది. నాలుగు వైపులా విప్పితే పళ్లెం అవుతుంది, గిన్నె కడిగే పని తప్పుతుంది. ఇక్కడ అన్నానికి మాత్రమే ఇస్తారు, మిగతావన్నీ నల్ల ప్లాస్టిక్కే.

లంచ్ స్పెషల్ పదకొండు నుంచి మూడు దాకా, 9.25 డాలర్లు. రాత్రి కాంబో 12.50, అందులో కూర ఒక పిడికెడు ఎక్కువ, ఎగ్ రోల్ ఒకటి. పన్నెండింటికి వెళ్తే లంచ్‌దే గెలుపు. మంగళవారం షాపు మూత. యాప్‌లో మాత్రం తెరిచే ఉన్నట్టు చూపిస్తుంది, డబ్బు కట్టేశాక అరగంటకి క్యాన్సిల్ అవుతుంది.